గోదావరి డెల్టాలో ఇంటి కప్పు: తాటాకు నుంచి శ్లాబు దాకా

ధవళేశ్వరం ఆనకట్ట దిగువన గౌతమి, వసిష్ఠ పాయలు సముద్రంలో కలిసేలోపు పరిచిన ఒండ్రు నేలే గోదావరి డెల్టా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీలాక ఇది తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, డా. బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాల మధ్య పంచుకుపోయింది. ఇంటి కప్పుకు జిల్లా సరిహద్దులతో పని లేదు. దానికి పనల్లా నాలుగింటితో: జూన్‌లో మొదలై అక్టోబరు దాకా కురిసే వాన, ఆ వెనకే డిసెంబరు దాకా కాచుక్కూర్చునే తుపాను గాలి, సముద్రం మీంచి ఏడాది పొడవునా వచ్చే ఉప్పు తేమ, వేసవి ఎండ. ఈ నాలుగింటినీ ఒకేలా తట్టుకునే కప్పు ఇక్కడ ఇంకా పుట్టలేదు. తాటాకు ఎండను బాగా ఆపుతుంది కాని గాలికి లేచిపోతుంది. పెంకు వానను ఆపుతుంది కాని కొబ్బరికాయ పడితే పగులుతుంది. రేకు చవక, ఎండాకాలం దాని కింద కూర్చోలేం. శ్లాబు గాలికి కదలదు, ఉప్పు మాత్రం దాన్ని లోలోపల తినేస్తుంది.

గడిచిన వందేళ్లలో డెల్టా ఇళ్లు ఆకు నుంచి పెంకుకు, పెంకు నుంచి శ్లాబుకు మారాయి. దీన్ని మరమ్మతుల బాధ తప్పడంగా చెప్పుకోవడం వాడుక. నిజానికి మరమ్మతు ఎక్కడికీ పోలేదు, దాని గడువు మారింది, అంతే. ఆకు ఇల్లు ఏటా ఎంతో కొంత ఖర్చు అడిగేది, అడుగుతున్నట్టు పైకి కనిపించేది. శ్లాబు ఇరవై పాతికేళ్లు నోరు మెదపకుండా ఉండి, ఒక్కసారిగా మొత్తం బాకీ తీర్చమంటుంది.

ఆకు, గడ్డి

పాక అన్నా, పూరిల్లు అన్నా, గుడిసె అన్నా కట్టుబడి ఒకటే. నేలలో పాతిన నిట్టాళ్లు, వాటి మీద వెన్నుదూలం, అక్కడి నుంచి గోడల మీదికి దిగే వాసాలు, వాసాల మీద అడ్డంగా కట్టే వెదురు బద్దల పెండెలు. కట్టుకు తాటినార, కొబ్బరి పీచు తాడు. మేకుల పని తక్కువ. దూలాలకు ముదిరి చేవ తేలిన తాడిచెట్టు ఊళ్లోనే దొరికేది. వెదురు మన్యం నుంచి రావాలి. పాపికొండల ఎగువన కొట్టిన వెదురు, టేకు తెప్పలుగా కట్టి నదిలో వదిలితే రాజమహేంద్రవరం రేవులకు చేరేవి. ఊళ్లో కలప అడితులు వెలసింది ఆ దారి వల్లే.

నేత చూరు దగ్గర మొదలై పైకి పోతుంది. కింది వరుస కట్టును పై వరుస ఆకు కప్పుతూ రావాలి, అన్నిటికీ చివర కొప్పు. వాలు ఏటవాలుగా, 45 డిగ్రీలకు దగ్గరగా ఉంటేనే నీరు జారుతుంది. వాలు తగ్గిందంటే నీరు ఆకు మీద పారకుండా ఆకులోకి దిగి కుళ్లబెడుతుంది. అందుకే పూరింటి మరమ్మతులో ముందు చూడాల్సింది ఆకును కాదు, వెన్నును. వెన్నుదూలం కుంగిన పాకకు ఎంత కొత్త ఆకు కప్పినా మరుసటి వానకే కారుతుంది. పాత గడ్డి తీయకుండా దాని మీదే కొత్తది వేయడం ఇంకో పొరపాటు. కింది కుళ్లు తడిని పట్టి ఉంచుతుంది, బరువుకు వాసాలు వంగుతాయి.

బాగా నేసిన తాటాకు మూడు నాలుగేళ్లు ఉంటుంది. వరిగడ్డి ఏడాది, మహా అయితే రెండేళ్లు. కోనసీమలో అల్లిన కొబ్బరాకూ ఎక్కువ కాలం నిలిచేది కాదు, పశువుల పాకలకు, పందిళ్లకు, వంట వసారాలకు వాడతారు. జపాన్‌లోని షిరకవా-గో ఊళ్లో గడ్డి కప్పును ముప్పై నలభై ఏళ్లకు ఒకసారి ఊరంతా కలిసి నేస్తారు. అక్కడ గడ్డి మందం చాలా ఎక్కువ, వాలు మరీ నిటారు, ఏడాదిలో సగం చలి. డెల్టాలో కప్పు పలచన, పైగా తడీ వేడీ కలిసి వస్తాయి, చెదలకు కొదవ లేదు.

నేతకు తగిన కాలం దాళ్వా కోతలు అయ్యాక, మృగశిర కార్తెకు ముందు. అంటే ఏప్రిల్, మే. పొలం పని ఉండదు కాబట్టి మనుషులు దొరుకుతారు, కొట్టిన ఆకు ఎండుతుంది. ఎండిన ఆకును చాపలా అణిగేలా దొంతర పెట్టి మీద బరువు పెడతారు. చిక్కేమిటంటే అగ్గి భయం కూడా సరిగ్గా ఈ రెండు నెలల్లోనే. గాలి లేచాక ఒక పొయ్యిలోంచి ఎగిరిన నిప్పురవ్వ వీధి వీధంతా బూడిద చేసిన ఘటనలు డెల్టా ఊళ్లకు కొత్త కాదు. ఎండ ఎక్కకముందే వంట ముగించి పొయ్యి ఆర్పడం, పాకకూ పాకకూ మధ్య ఎడం వదలడం, చూరు దగ్గర నీళ్ల కుండ ఉంచడం ఇందుకే. ఇళ్లు ఇరుకైన పేటల్లో ఎడం వదలడానికి చోటేదీ?

గడ్డి కప్పు తగ్గడానికి డబ్బూ అగ్గి భయమూ మాత్రమే కారణం కాదు, వరి కూడా కారణం. 1960లలో పశ్చిమ గోదావరి దేశంలో సాంద్ర వ్యవసాయ పథకానికి ఎంపికైన తొలి జిల్లాల్లో ఒకటి. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ఐఆర్-8 వేసి పేరు తెచ్చుకున్నారు. తరువాత మారుటేరు పరిశోధన కేంద్రం స్వర్ణ వంటి రకాలు ఇచ్చింది. ఇవన్నీ గాలికి పడిపోకుండా, గింజకు బలం చేరేలా కాండం పొట్టిగా తీర్చిన రకాలు. పాత రకాల నిలువెత్తు గడ్డి పోయి నేతకు అందని పొట్టి గడ్డి మిగిలింది. కోత యంత్రాలు వచ్చాక ఆ పొట్టి గడ్డి కూడా నలిగి ముక్కలై పడుతోంది. గాదె నింపిన వరే కప్పును ఖాళీ చేసిందన్న సంగతి వ్యవసాయ చరిత్రల్లో పెద్దగా కనిపించదు.

గుండ్రటి మట్టిగోడల మీద శంఖాకారంగా ఆకు దించే చుట్టిల్లు ఉత్తర కోస్తాలో ఎక్కువ, గోదావరి జిల్లాల్లో తక్కువ. దాని చూరు నడుము ఎత్తుకు దిగి ఉంటుంది, మూలలు ఉండవు. గాలి పట్టుకుని లేపడానికి అంచు దొరకని రూపం అది.

పెంకుటిల్లు, మండువా లోగిలి

ముందు వచ్చింది నాటు పెంకు. కుమ్మరి సారె మీద గొట్టంలా తీసి, నిలువునా రెండుగా చీల్చి కాల్చినదే గూనపెంకు. ఒక వరుస వెల్లకిలా, దాని మీద ఇంకో వరుస బోర్లా వేస్తారు. దీన్ని పట్టి ఉంచేది బరువు తప్ప మరేమీ కాదు. పిల్లి నడిచినా, కోతి దూకినా, పెద్ద గాలి వీచినా జరుగుతుంది. జరిగిన చోట కారుతుంది. అందుకని ఏటా వానలకు ముందు పెంకు తిరగవేయించడం తప్పదు: పైవరుస నుంచి తీసుకుంటూ వచ్చి, ఆకూ అలమూ ఊడ్చి, పగిలినవి పక్కన పెట్టి, పుచ్చిన పెండెలు మార్చి, మళ్లీ వరుసగా సర్దడం.

బంగాళా పెంకు దీన్ని చాలావరకు మార్చింది. ఒకదానిలో ఒకటి ఇమిడే గాడి పెంకును ఫ్రాన్స్‌లోని అల్సాస్‌కు చెందిన గిలార్డోని సోదరులు 1840లలో తెచ్చారు. ఆ పద్ధతిని మంగళూరుకు తెచ్చింది బాసెల్ మిషన్. జార్జ్ ప్లెబ్‌స్ట్ అనే మిషనరీ 1865లో నేత్రావతి ఒడ్డు బంకమట్టితో అక్కడ ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ నమూనా దక్షిణాది అంతటా పాకింది. పెంకు వెనక ఉన్న కొక్కెం రీపరుకు తగులుకుంటుంది, పక్క గాడి పక్క పెంకులో కూర్చుంటుంది. ఒక్కొక్కటి రెండు నుంచి మూడు కిలోలు. 100 చదరపు అడుగులకు 130 నుంచి 150 దాకా పడతాయి. అంటే 1,000 చదరపు అడుగుల కప్పు మీద మూడు నాలుగు టన్నుల మట్టి కూర్చుని ఉంటుంది. ఓ మాదిరి గాలికి లేవకుండా ఆపేది ఆ బరువే. వాసాలకు మంచి కలప కావాలనేదీ ఆ బరువే.

కలపకు లోటు లేని కాలంలో కట్టినవే మండువా లోగిళ్లు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆర్థర్ కాటన్ ఆనకట్ట తరువాత రెండు మూడు తరాల పంట సొమ్ము ఈ ఇళ్లలో కనిపిస్తుంది. మన్యం టేకుకు తోడు బర్మా టేకు కూడా వచ్చేది. కోరంగి, కాకినాడ రేవుల నుంచి రంగూనుకు అంత రాకపోకలుండేవి గనకనే బర్మాలో తెలుగువాళ్లకు కోరంగీలన్న పేరు పడింది.

మండువా అంటే ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న చోటు. దాని నాలుగు పక్కలా కప్పు లోపలికి వాలి ఉంటుంది, వాన మండువాలో పడి తూము గుండా బయటికి పోతుంది. వెలుతురు, గాలి, ఎండలో చల్లదనం అన్నీ ఈ ఏర్పాటు వల్లే. కాని కప్పు మరమ్మతు తెలిసిన మేస్త్రి మండువాలోకి అడుగుపెట్టగానే చూసేది ఆ నాలుగు లోపలి మూలలను. రెండు వాలులు కలిసేచోట కప్పు మీద పడ్డ నీరంతా ఒకే దారిన దిగుతుంది. అక్కడ పెంకు కింద జింకు రేకు దోనె ఉంటుంది. ఆకులు పేరుకుని దోనె పూడినా, రేకుకు సన్నని చిల్లు పడినా నీరు తిన్నగా మూలవాసం మీదికి దిగుతుంది. మూలవాసం పుచ్చితే దాని మీద ఆనిన చిన్న వాసాలన్నీ కుంగుతాయి. పైన వేల పెంకులు బాగానే ఉండి, నాలుగు మూలల దగ్గర ఇల్లు కూలిన లోగిళ్లు డెల్టాలో ఊరికొకటైనా ఉంటాయి. ఆ దోనెలను ఏటా ఊడ్పించడం, పదిహేను ఇరవై ఏళ్లకు రేకు మార్పించడం మొత్తం కప్పు మార్చే ఖర్చులో చిన్న వాటా.

ఇంకో దెబ్బ వాన నుంచి కాదు, పంపకాల నుంచి తగిలింది. అన్నదమ్ములు లోగిలిని సగం సగం పంచుకుని, ఒకరు తమ వైపు పడగొట్టి డాబా వేసుకుంటే, రెండో వైపు వాలు ఆసరా కోల్పోతుంది. కోసిన దూలాల చివర్లు వానకు తెరుచుకుంటాయి. నాలుగు వైపులా ఒకదానికొకటి ఆనుకుని నిలిచే కప్పును సగానికి కోస్తే మిగిలేది సగం కప్పు కాదు, కూలబోయే కప్పు.

పెంకు పనిలో కొన్ని పద్ధతులు అన్ని ఇళ్లకూ వర్తిస్తాయి. పెంకుల మీద అడుగు వేయకూడదు. వాసాల వరుస చూసుకుని పలక వేసి దాని మీద నడవాలి. వేలితో కొడితే ఖంగున మోగేది మంచి పెంకు, డబ్‌మని చప్పుడు చేసేది లోపల పగిలింది. పాచిని బ్రష్షుతో రుద్ది తీయాలి, లేకపోతే గాడిలో పెరిగి నీటిని వెనక్కి ఎక్కిస్తుంది. కొప్పు పెంకుల కింద గట్టి సిమెంటు కన్నా సున్నం కలిసిన మాలు మేలు. కలప ఎండకూ తడికీ కదులుతుంటుంది, సిమెంటు ఆ కదలికకు చీలుతుంది. వంటింటి మీద ఒకటో రెండో గాజు పెంకులు వేయడం పాత అలవాటు, పగటిపూట దీపం ఖర్చు ఉండదు.

పెంకుటిల్లు వదులుకున్నవాళ్లను కారణం అడిగితే ఎక్కువమంది చెప్పేది కోతుల సంగతి. పెంకులు తీసి విసిరే కోతుల గుంపు ఊళ్లోకి వచ్చాక ఏటా చేయించే పని నెలనెలా చేయించాల్సి వస్తోంది. పెంకు సర్దే పనివాళ్లు దొరకడం ఇంకో కష్టం. కోనసీమలో ఇంటి మీదికి వంగిన కొబ్బరిచెట్టు మూడో కారణం.

పాత డాబాలు

శ్లాబుకు ముందు డబ్బున్నవాళ్ల మేడలకు, కచేరీలకు, బంగళాలకు మద్రాసు టెర్రస్ ఉండేది. టేకు పట్టెల మీద సన్న ఇటుకలను అంచు మీద నిలబెట్టి, ఐమూలగా, గానుగ సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన జెల్లీ పోసి రోజుల తరబడి కర్రలతో దట్టించేవారు. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపేవారు. వీటి మరమ్మతులో ఒకటే సూత్రం: సున్నపు కప్పుకు సున్నమే వేయాలి. పైన సిమెంటు పూత వేస్తే లోపలి తడి బయటికి పోలేక పట్టెల చివర్లు గోడలో ఉన్నచోట కుళ్లుతాయి. రాజమహేంద్రవరం, నరసాపురం, పాలకొల్లు పాత వీధుల్లో ఇలా పాడైన మేడలు చాలానే ఉన్నాయి.

రేకు

ఆకు నేయించే ఓపిక లేక, శ్లాబు వేయించే స్తోమత లేక ఉన్నవాళ్ల కప్పు రేకు. సిమెంటు రేకు తెలుగు నాట హైదరాబాదులో 1946లో మొదలైన కంపెనీ చార్మినార్ రేకుతో ఇంటింటికీ తెలిసింది. ఇవి తుప్పు పట్టవు కాబట్టి సముద్రం దగ్గరి ఊళ్లలో ఇష్టపడ్డారు. కాని పాతవాటిలో సిమెంటును పట్టి ఉంచేది ఆస్‌బెస్టాస్ నార. దాని ధూళి ఊపిరితిత్తుల జబ్బులకూ క్యాన్సర్‌కూ కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. 60కి పైగా దేశాలు నిషేధించాయి. మన దేశంలో దిగుమతి చేసుకున్న నారతో తయారీ, వాడకం సాగుతూనే ఉన్నాయి. చెక్కుచెదరని రేకు కింద ఉండటం వేరు, దాన్ని కోయడం, తొలవడం, పగలగొట్టడం వేరు. ముప్పు ఎక్కువగా ఆ రెండో దాంట్లో ఉంది. తుపానుకు పగిలిన రేకు ముక్కల్ని ఊడ్చేవాళ్లకు, పాత రేకులు దించే కూలీలకు ఆ సంగతి చెప్పేవాళ్లు అరుదు. దించక తప్పకపోతే ముందు నీళ్లు చల్లి తడపాలి, బోల్టు విప్పాలే గాని సుత్తితో కొట్టకూడదు, ముక్కు మీద తగిన మాస్కు ఉండాలి, ముక్కల్ని దారి గుంతలు పూడ్చడానికి వాడకూడదు.

ఇనుప రేకుది వేరే కథ. అంతర్వేది, ఓడలరేవు, కాట్రేనికోన వంటి తీరపు ఊళ్లలో పలచని జింకు పూత రేకుకు ఉప్పు గాలి తగిలి ముందుగా స్క్రూల చుట్టూ తుప్పు మొదలవుతుంది. స్క్రూను రేకు మడత పైభాగాన కొట్టాలి, లోయలో కొడితే ఆ చిల్లు గుండానే నీరు కారుతుంది. కింద రబ్బరు వాషరు ఉండాలి, అది ఎండకు బిరుసెక్కి చీలుతుంది కాబట్టి కొన్నేళ్లకు మార్చాలి. ఈ చిన్న పని చేయించక మొత్తం రేకు పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ.

గాలి కప్పును కిందికి నొక్కుతుందని అనుకుంటాం, కాని అది పైకి లాగుతుంది. తక్కువ వాలు ఉన్న కప్పు మీదుగా గాలి వేగంగా పోయేటప్పుడు పైన ఒత్తిడి తగ్గుతుంది. తలుపో కిటికీయో తెరుచుకుంటే లోపలి గాలి కింది నుంచి తోస్తుంది. లాగుడు అన్నిటికన్నా ఎక్కువ చూరు అంచుల్లో, మూలల్లో, కొప్పు పక్కన. భారత ప్రమాణాల ప్రకారం ఆంధ్ర తీరంలో కట్టడాలకు లెక్కించాల్సిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలికి రేకు మీద పెట్టిన రాళ్లు, ఇసుక బస్తాలు, పాత టైర్లు చాలవు, పైగా రాళ్లు ఎగిరి పక్కింటి మీద పడతాయి. కావాల్సింది అంచుల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా, రేకును పట్టెకు, పట్టెను దూలానికి, దూలాన్ని గోడలోకి, గోడను పునాదికి ఇనుప పట్టీలతో కలిపే వరుస కట్టు. ఈ వరుసలో ఎక్కడ తెగితే అక్కడి నుంచి పైదంతా పోతుంది. రెండు వైపుల వాలు కన్నా నాలుగు వైపుల వాలు గాలికి బాగా నిలుస్తుందని అనుభవమూ లెక్కా రెండూ చెబుతున్నాయి.

శ్లాబు

రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలపు పక్కా ఇళ్లు, 1985 నాటి ఇందిరా ఆవాస్ యోజన, 2006 నాటి ఇందిరమ్మ, తరువాత ప్రధానమంత్రి ఆవాస్ యోజన, 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలైన పేదలందరికీ ఇళ్లు: పేర్లు మారినా చాలా మంది పేదలకు తొలి శ్లాబు వీటితోనే వచ్చింది. ఇప్పుడు డెల్టా ఊళ్లలో ఇల్లు కట్టడమంటే శ్లాబు వేయడమే. శ్లాబు రోజు ఇంట్లో పండగ. మిల్లరు మోత, ముఠా వాళ్లకు భోజనాలు, చీకటి పడేలోపు పూర్తి చేయాలన్న హడావిడి. శ్లాబు ఆయుష్షులో చాలా భాగం ఆ ఒక్క రోజూ, తరువాతి రెండు వారాలూ తేల్చేస్తాయి.

కాంక్రీటు లోపలి చువ్వకు తుప్పు పట్టకుండా కాపాడేది కాంక్రీటులోని క్షారగుణం. ఆ రక్షణను పోగొట్టేది ఉప్పు. తీరానికి దగ్గరి ఊళ్లలో బోరు నీరు ఉప్పన, ఏటి మొగల దగ్గరి ఇసుకా ఉప్పనే. ఇనుము వేసే కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని ఐఎస్ 456 ప్రమాణం చెబుతోంది. తాగితే ఉప్పు తగిలే నీటితో శ్లాబు కలపడమంటే తుప్పును చేతులారా లోపల పోయడమే. అయినా కాలవకు నీళ్లు వదలని నెలల్లో చాలాచోట్ల జరిగేది అదే.

రెండోది చువ్వ కింద కాంక్రీటు మందం. అదే ప్రమాణం మామూలు చోట 20 మిల్లీమీటర్లు అంటుంది, సముద్రపు గాలి తగిలే చోట 45 దాకా పెంచుతుంది. చువ్వల కింద సరైన దిమ్మలు పెట్టకుండా గులకరాయో పెంకు ముక్కో పెట్టి పని కానిస్తే అక్కడ మందం పది మిల్లీమీటర్లు కూడా ఉండదు. మూడోది నీళ్లు పెట్టడం. శ్లాబు మీద మడులు కట్టి నీరు నిలపడం డెల్టా రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేని పని. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు కనీసం పది రోజులు మడి ఎండకూడదు. ఇప్పుడు కొట్లలో దొరికేది ఎక్కువగా రెండో రకమే.

ఇవి తప్పితే పదిహేను ఇరవై ఏళ్లకు కింద సన్నని పగులు చువ్వ పొడవునా కనిపిస్తుంది, తరువాత ఎర్రటి మరక, ఆ తరువాత పెచ్చు. తుప్పు పట్టిన ఇనుము మునుపటికన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది, అది కాంక్రీటును కిందికి తోసేస్తుంది. పెచ్చు ఊడిన చోట సిమెంటు పూసి సున్నం కొట్టడం ఎక్కువగా చేయించే మరమ్మతు, ఎక్కువగా వృథా అయ్యే మరమ్మతు కూడా. సరైన పద్ధతి శ్రమతో కూడుకున్నది. శ్లాబు అంతా చిన్న సుత్తితో తట్టి డొల్లగా మోగిన చోటల్లా గుర్తు పెట్టాలి. కింద ఆసరా కర్రలు నిలపాలి. వదులైన కాంక్రీటును చువ్వ వెనక దాకా తొలవాలి. తుప్పును తీగ బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమరు కలిసిన మాలుతో పూడ్చాలి. చువ్వ బాగా సన్నగిల్లితే పక్కన కొత్తది చేర్చాలి. సగానికి పైగా శ్లాబు ఇలా ఉంటే బాగుచేయడం కన్నా దించి వేయడమే చవక అవుతుంది. ఆ నిర్ణయం మేస్త్రి ఒక్కడి మాట మీద కాక ఇంజనీరుకు చూపించి తీసుకోవాలి.

పైన కారడం వేరే జబ్బు. నీరు నిలిచే పల్లాలు, శ్లాబు పిట్టగోడను కలిసే మూల, గొట్టం దిగే రంధ్రం, ట్యాంకు కింది దిమ్మ: కారే చోట్లు దాదాపు ఎప్పుడూ ఈ నాలుగే. మూల గుండ్రంగా పూసి, నూటికి ఒక వంతైనా వాలు తూము వైపు ఉంచితే సగం సమస్య పోతుంది. పిట్టగోడ పగులులో మొలిచిన రావి మొక్కను పైకి పీకితే వేరు లోపలే ఉండి మళ్లీ చిగురిస్తుంది, పగులును విప్పి వేరుతో సహా తీయాలి. తరువాత ఎప్పుడో పై అంతస్తు వేద్దామని స్తంభాల పైన వదిలిన చువ్వలు ఇంకో ముప్పు. ఆ అంతస్తు పిల్లల చదువుల వల్లో పెళ్లిళ్ల వల్లో వాయిదా పడుతుంది. చువ్వలు మాత్రం వానలో నానుతూ తుప్పును స్తంభంలోకి దింపుతాయి. సన్న కాంక్రీటు కప్పి ఉంచితే చాలు, ఖర్చు లెక్కలోకి రాదు.

ఎండ సంగతికొస్తే, శ్లాబు పగలు తాగిన వేడిని రాత్రి కింది గదిలోకి వదులుతుంది. పైన తెల్ల సున్నం వేయడం పాత ఉపాయం. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లకప్పుల విధానానికి మూలసూత్రం అదే, వేడిని తిప్పికొట్టే తెల్లటి పైపూత. డెల్టా పట్టణాల్లో జనం ఇంకో దారి పట్టారు: శ్లాబు మీద ఇనుప గొట్టాలు నిలిపి రంగు రేకుల షెడ్డు వేయడం. ఎండా వానా రెండూ ఆగుతాయి, బట్టలు ఆరేసుకోవచ్చు. కాని గాలి వేగం అంత ఎత్తులో ఎక్కువ, ఆ గొట్టాలు చాలాచోట్ల శ్లాబుకు రెండు బోల్టులతో నిలబడి ఉంటాయి.

తుపాను వచ్చినప్పుడు

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడ్డ తుపాను డెల్టా కప్పుల చరిత్రలో గీత లాంటిది. వెయ్యి మందికి పైగా చనిపోయారు, లక్షల ఇళ్లు దెబ్బతిన్నాయి, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. కూలిన చెట్లు పెంకుటిళ్లను, మిగిలిన పాకలను పిండి చేశాయి. ఆ తరువాతి ఏళ్లలో శ్లాబు కోరిక అవసరంగా మారింది. 2018 డిసెంబరు 17న పెథాయ్, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా వచ్చినప్పుడు ముందస్తు హెచ్చరికలు, పునరావాస కేంద్రాలు ఉండటం వల్ల ప్రాణనష్టం ఆ స్థాయికి పోలేదు. లంక గ్రామాలకు వరద మరో లెక్క. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదకు, నీళ్లు చూరు దాకా వచ్చిన చోట కప్పే మనుషులు ఎక్కి కూర్చునే చోటు అయింది.

నష్టపరిహారం కూడా కప్పును బట్టే. 2022 నుంచి అమలైన విపత్తు సహాయ నిబంధనల్లో మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, గుడిసెకు 8,000 రూపాయలు. ఇది ఇల్లా గుడిసెయా అని రాసుకునే గుమాస్తా కలం కింద అంత తేడా ఉంది. తాటాకు కప్పు ఉన్న మట్టిగోడల ఇంటివాళ్లు ఆ కలం దగ్గరే వాదనకు దిగుతుంటారు.

దించిన కప్పు

జనాభా లెక్కలవారు చేత్తో చేసిన పెంకును, మిల్లు పెంకును వేర్వేరు గడుల్లో రాసుకుంటారు. ఊళ్లలో పాత సామాను కొనేవాడు కూడా అంతే. నాటు పెంకు ధర పలకదు, తోట గట్లకు, పశువుల పాక నేలకు పోతుంది. చెక్కుచెదరని బంగాళా పెంకుకు, ముఖ్యంగా అచ్చుముద్ర ఉన్న పాతదానికి గిరాకీ ఉంది. పెంకుటిల్లు పడగొట్టేటప్పుడు కప్పును పైనుంచి కిందికి, రెండు వాలులూ సమానంగా దించాలి. ఒక వైపే దించితే రెండో వైపు బరువుకు దూలం తిరిగి గోడ పడుతుంది. పెంకు తరువాత రీపర్లు, వాసాలు, చివరికి దూలాలు. అందులో ధర పలికేది దూలం. బర్మా టేకు దూలాన్ని రాజమహేంద్రవరం సామిల్లులో నిలువునా కోయించి కొత్త ఇంటికి ద్వారబంధాలు, తలుపులు చేయించుకుంటారు. మండువా స్తంభాలు, చెక్కిన దూలపు తలలు హైదరాబాదు ఇళ్లకు, హోటళ్లకు లారీల మీద పోతున్నాయి. బంగాళా పెంకులు గోదావరి ఒడ్డు రిసార్టులకూ, పట్నంలో గోదావరి వంటల పేరు పెట్టుకున్న హోటళ్లకూ చేరుతున్నాయి. అక్కడ చాలాచోట్ల వాటి కింద శ్లాబు ఉంటుంది. వాన ఆపే పని శ్లాబుది. పెంకుల్ని సిమెంటులో అతికిస్తారు కాబట్టి తిరగవేసే పని ఉండదు, పగిలితే తీసి వేరేది పెట్టే వీలూ ఉండదు.